రాత్రి డ్యూటీతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మణ్ణికి, మీ పెద్దమ్మ ఆశీస్సులు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డులోని వృద్ధాశ్రమంలో ఇన్‌ఛార్జిగా చేరావని మీ అమ్మ చెప్పింది. క్వాలిటీ, సేఫ్టీ అంటూ పెద్ద ఫైలు చేతికిచ్చారట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. ఫైలు చదువు, అవసరమే. కానీ మొదటి వారం రాత్రి డ్యూటీ వేసుకో. పగలు డాక్టరు వస్తాడు, పిల్లలు చూడటానికి వస్తారు, గదులన్నీ తళతళలాడతాయి. అర్ధరాత్రి దాటాక, నోరు తెరిచి పిలవలేని మనిషి మంచం దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారా లేదా అన్నది చూడు. నర్సుగా నేను ఏ వార్డుకు వెళ్లినా మొదట చూసింది అదే.

ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు పడకుండా, మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని చాలాచోట్ల తిప్పడం మానేస్తారు. ఎయిర్ బెడ్ ఒత్తిడిని తగ్గిస్తుందే గానీ తిప్పే పని తప్పించదు. ఒళ్లు తుడిచేటప్పుడు పక్కనే నిలబడి నడుము కింద, తుంటి, మడమలు, చెవి వెనక నువ్వే చూడు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే కాస్త తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనబడదు, కాబట్టి చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటే అనుమానించు. అక్కడ నూనె రాసి రుద్దనివ్వకు. మంచిదనుకునే చేస్తారు, కానీ లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. పిక్కల కింద దిండు పెట్టి, మడమ పరుపుకు తగలకుండా ఉంచమను.

తిప్పినప్పుడల్లా టైము, ఏ పక్కకు తిప్పారో రాసి సంతకం పెట్టించు. రాత్రి మొత్తానిదీ తెల్లవారుజామున ఒకే ఊపులో నింపేసిన చార్టు చూడగానే నీకే తెలిసిపోతుంది. అలాంటిది కనబడితే ఆయా మీద వెంటనే విరుచుకుపడకు. ముందు ఆమె ఒక్కతే ఎంతమందిని చూస్తోందో లెక్కపెట్టు. బరువైన మనిషిని ఒక్కరే తిప్పలేరు. లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. ఇద్దరు కావాలి.

ఇక బాత్‌రూమ్. కమోడ్ పక్కన పట్టుకునే కమ్మీ గోడలోకి దిగి గట్టిగా ఉండాలి. లేకపోతే టవల్ కడ్డీనే పట్టుకుని లేవబోతారు, అది ఊడొస్తుంది. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లను ఒక్కసారిగా లేవనివ్వకుండా, మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి లేపమను. పడిపోతారన్న భయంతో చేతులు కట్టేయడం, గొడవ లేకుండా ఉంటారని డాక్టరు చెప్పని నిద్రమాత్ర వేయడం, ఈ రెండూ నీ ఆశ్రమంలో జరగకూడదు. ఇందులో మొహమాటం వద్దు.

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. ఇన్సులిన్ వేసే ముందే టిఫిన్ సిద్ధంగా ఉందో లేదో కనుక్కోమను. సూది వేశాక ఇడ్లీ ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. నిన్నటిదాకా మామూలుగా మాట్లాడిన పెద్దాయన ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే, వయసు అని వదిలేయొద్దు. జ్వరం లేకపోయినా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించు.

కత్తిరి ఎండల్లో దాహం వేయలేదన్నారని ఊరుకోకూడదు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. డాక్టరు నీళ్లు తగ్గించమన్న గుండె, కిడ్నీ రోగుల పేర్లు విడిగా రాసిపెట్టుకుని, మిగతావాళ్లకు గంటగంటకూ మజ్జిగో నీళ్లో చేతికందించాలి. మింగడం కష్టమైనవాళ్లకు సంగటైనా జావైనా కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

రాత్రి గ్రిల్ గేటుకు తాళం వేస్తే తాళంచెవి డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి. నిప్పంటుకుంటే నడవలేనివాళ్లను దుప్పటితో సహా బయటికి ఎలా లాగాలో అందరిచేతా చేయించి చూడు. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, ట్రాఫిక్ మళ్లిస్తారు. రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో ఏ దారిన వెళ్లాలో ముందే కనుక్కుని 108 నంబరు పక్కనే రాసిపెట్టు.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు హాల్లో పెద్ద అక్షరాలతో అంటించు. మన మీద ఫిర్యాదు చేయాలన్నా చేసుకునేలా ఒక ఫోను వాళ్లకు అందుబాటులో ఉంచు. మేనేజ్‌మెంట్‌కు ఇది నచ్చకపోవచ్చు, అయినా పట్టుబట్టు.

రాత్రికి ఇంకో ఆయా కావాలని నోటితో అడిగి ఊరుకోకు. ఎంతమంది మంచం పట్టి ఉన్నారు, ఎంతమంది పనివాళ్లు ఉన్నారు, ఏ పని జరగడం లేదు అన్నది తేదీ వేసి కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. నెలాఖరులోగా ఎవరినీ వేయకపోతే అదే కాగితం జతచేసి మళ్లీ ఇవ్వు.

మీ పెద్దమ్మ