గ్రూపులు ఆరు, నేర్చుకున్నది ఎంత?

ప్రశ్న: సార్, తాడ్వాయి వైపు జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. ఫోన్లో ఆరు టీచర్ల గ్రూపులున్నాయి. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ పూలు, తర్వాత డీఏ, ట్రాన్స్‌ఫర్లు, సాయంత్రానికి 'అర్జంట్' అని నాలుగు ప్రొఫార్మాలు. టీచర్లకు కేంద్రం పెట్టిన నిష్ఠ ట్రైనింగ్ కోర్సులూ పూర్తి చేశాను, కానీ నిజం చెప్పాలంటే వీడియో పెట్టి వంట చేసుకున్నాను. ఆన్‌లైన్‌లో నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉందా?
- స్కూల్ అసిస్టెంట్, ములుగు జిల్లా

జవాబు: వీడియో పెట్టి వంట చేసుకున్నది మీరొక్కరే అనుకుంటున్నారా మేడమ్? నిష్ఠ 2019లో మొదలైనప్పుడు టీచర్లను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు, కరోనా వచ్చాక 2020లో పాఠాల వీడియోలుండే దీక్ష యాప్‌లోకి మారింది. ట్రైనింగ్‌లో లెక్చర్ ఎట్లున్నా, టీ తాగుతూ పక్క మండలం సార్‌ను 'మీ పిల్లలకు ఈ పాఠం ఎట్లా ఎక్కింది?' అని అడిగేవాళ్లం. ఫోన్లోకి వచ్చేసరికి ఆ టీ బ్రేక్ పోయింది. దాన్ని మీరే మళ్లీ పెట్టుకోవాలి.

ఉన్న గ్రూపులను మ్యూట్ చేయండి, సర్క్యులర్లు ఎటూ హెచ్‌ఎం గారు చెప్తారు. మీ సబ్జెక్టు వాళ్లు ఐదారుగురితో ఒక చిన్న గ్రూపు చేసి, క్లాసులో దెబ్బతిన్న సంగతులు మాత్రమే అందులో పెట్టాలని మాట అనుకోండి. మా మిత్రుడొకాయన అట్లాంటి గ్రూపులో పదో తరగతి పిల్లాడి నోటుబుక్ పేజీ ఫోటో పెట్టాడు (పేరు కనబడకుండా, ఇది మాత్రం మరవొద్దు). శ్రేణి సంధానంలో (ఒకదాని తర్వాత ఒకటి కలిపి) రెండు ఒకే రకం బల్బులు, మొదటిదే కరెంటు 'తినేస్తుంది' కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందని వాడు రాశాడు. 'తప్పు' అని కొట్టేస్తే వాడు బట్టీ పట్టి సరిచేసుకుంటాడు గానీ నమ్మకం పోదు కదా. గ్రూపులో ఒకామె చెప్పింది: ముందు చేతులెత్తించండి, ఎంతమంది వాడి లెక్కే అంటారో చూడండి, ఆ తర్వాతే కరెంటు కొలిచే అమ్మీటర్ పెట్టండి అని. క్లాసులో సగానికి పైగా చేతులు లేచాయట. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్‌లో (కంప్యూటర్ తెర మీదే చేసే ప్రయోగం) సర్క్యూట్ కట్టి, బల్బుకు ముందొక అమ్మీటర్, వెనకొక అమ్మీటర్ పెట్టి చూపిస్తే రెండింట్లో ఒకే రీడింగ్. అప్పుడు పిల్లల మొహాలు చూడాలి! నేనూ ఇరవై ఏళ్లు ఈ పాఠం చెప్పాను, చేతులెత్తించాలని ఒక్కసారీ తోచలేదు.

ఫెట్ ఉచితమే. మీ దగ్గర సిగ్నల్ ఎట్లుంటుందో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా, హన్మకొండ వచ్చినప్పుడు సిమ్యులేషన్‌ను ల్యాప్‌టాప్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకుండానే నడుస్తుంది.

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. ఈ యాప్‌లు మా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర నేర్చుకోవాలంటే చిన్నతనంగా ఉంది.
- తెలుగు పండిట్, పరకాల

జవాబు: పిల్లలతో నేర్పించుకోండి సార్, వాళ్లకు దసరా వచ్చినంత సంబరం. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను దీక్షలో స్కాన్ చేయడంతో మొదలుపెట్టండి. కాకపోతే ఆ వీడియో ముందురోజు ఇంట్లో చూసుకోండి, కొన్ని మరీ నెమ్మదిగా సాగుతాయి, రెండో నిమిషానికే వెనక బెంచీ నిద్రపోతుంది.