మా వదిన ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న బడిలో నేను ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చా?

తప్పకుండా చేయండి. గుంటూరు దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తాత్కాలిక లెక్కల బోధకురాలి పనికి ప్రయత్నిస్తే ఊళ్లో మాట వస్తుందేమోనని అడిగారు. వదినగారు అక్కడ ఉన్నంత మాత్రాన మీ చదువు చెల్లకుండా పోదు. ఆవిడ మాత్రం ఎంపికలో వేలు పెట్టకూడదు.

ఈ పట్టింపు మనకు కొత్తది కాదు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో పాత మునసబు (ఊళ్లో శిస్తు వసూలు చూసే గ్రామాధికారి) కొడుకన్న కారణంతో ఒకరికి గ్రామ మునసబు ఉద్యోగం కట్టబెడితే, గాజుల దశరథ రామారావు అనే అభ్యర్థి సుప్రీంకోర్టుకెక్కి గెలిచారు. వంశాన్ని చూసి ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని 1960లో తీర్పు వచ్చింది.

ప్రభుత్వ బడుల టీచర్ల నియామకానికి జరిపే డీఎస్సీలో ఈ బెడద తక్కువ. పరీక్షకు 80 శాతం, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ, ఇంటర్వ్యూ లేదు. చిక్కంతా బడి స్థాయిలో నింపే తాత్కాలిక బోధకులు, ఆయాలు, మధ్యాహ్న భోజనం వండేవారి దగ్గరే.

నేను ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు మా ప్రధానోపాధ్యాయుడి మేనకోడలు ఇలాగే దరఖాస్తు పెట్టింది. ఆయన వెంటనే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఉత్తరం రాసి ఎంపిక నుంచి తప్పుకున్నారు. పక్క మండలం నుంచి వచ్చిన లెక్కల మాస్టారు అభ్యర్థులందరి చేతా ఒకే పాఠం, భిన్నాల కూడిక, చెప్పించి మార్కులు వేశారు. సాయంత్రానికి జాబితా నోటీసు బోర్డు ఎక్కింది. ఆ అమ్మాయే మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో ఉన్న కుర్రాడి తండ్రి మార్కులు చూసుకుని, మా వాడు ఎక్కడ తడబడ్డాడని అడిగి తెలుసుకుని వెళ్లాడు. ఆ తండ్రిని అంతకంటే గౌరవించే పద్ధతి నాకు తెలియదు.

మరో బడిలో కమిటీ పెద్ద తన మరదలికి ఆయా పని ఇప్పించాడు. ఆమె మంచి పనిమంతురాలు. అయినా ఆమె పేరెత్తితే జనం మొహం చిట్లించేవారు. ఆ అన్యాయం ఆమెకు చేసింది సొంత బావే. తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి దరఖాస్తులోనే బంధుత్వం రాయండి. తాను తప్పుకుంటున్నట్టు వదినగారిని ఎంఈఓకు రాతపూర్వకంగా తెలియజేయమనండి, ఆ ఉత్తరం నకలు దగ్గర ఉంచుకోండి. మార్కులు అందరికీ కనిపించేలా పెట్టమని మీరే అడగండి. పెట్టకపోతే ఎవరైనా సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇక ఇంట్లో ఆవిడతో ఈ పోస్టు ఊసెత్తకండి, కనీసం జాబితా వచ్చేవరకు.