మేనత్త పాట, బూజు పట్టిన క్యాసెట్టు

ప్రశ్న: మా మేనత్త 1989లో హైదరాబాద్ దూరదర్శన్‌లో లలిత గీతాలు పాడారు. నాన్న ఆ కార్యక్రమాన్ని ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేశారు. అత్తయ్య ఇప్పుడు లేరు. మొన్న ఒక స్టూడియోవాళ్ళకిచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించమంటే బొమ్మ పైభాగం పక్కకు వంగిపోయి, తెల్ల గీతలతో వచ్చింది. కింద ఒక పట్టీ అల్లల్లాడుతోంది. కాసేపటికి పాట పెదాలకు కుదరడం మానేసింది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లగా ఏదో పొడి. బాగుచేయడం కుదురుతుందా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చాలావరకు కుదురుతుందమ్మా. ముందు ఆ క్యాసెట్టును ఇంకే వీసీఆర్‌లోనూ పెట్టకండి. ఆ తెల్ల పొడి బూజు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళ నుంచి వచ్చే క్యాసెట్లలో నాకిది మామూలుగా కనిపించేదే. బూజుతో టేపు నడిపితే అది వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుని బొమ్మను చెడగొడుతుంది, ఆ తర్వాత అదే వీసీఆర్‌లో పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. ఇంకో పని కూడా ఇప్పుడే చేయండి. క్యాసెట్టు వెనుక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత బొమ్మ చెరగదు. నాన్నగారు అప్పుడే విరిచేసి ఉంటే ఆయనకో నమస్కారం.

బూజు తడిగా ఉన్నప్పుడు తుడిస్తే పులుముకుంటుంది, ఎండితే రాలిపోతుంది. అందుకని క్యాసెట్టును సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూతగట్టి డబ్బాలో కొన్నాళ్ళు ఉంచాలి. ఎండలో మాత్రం పెట్టొద్దు. ఆరాక బయట గాలిలో, ముక్కుకు మాస్క్ కట్టుకుని తెరవాలి. వెనక 5 స్క్రూలు. మూత ఎత్తగానే లోపలి అమరికను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్ప్రింగులు, చిన్న రోలర్లు ఏవి ఎక్కడున్నాయో తర్వాత గుర్తుకు రావు. నూలు రాలని మెత్తటి గుడ్డ మధ్యలోంచి టేపును మెల్లగా చుడుతూ తుడవాలి. బొమ్మను మోసే అయస్కాంత పూత ఉన్న వైపు వేలు తగలకూడదు. తర్వాత ఆ రెండు చుట్టల్నీ శుభ్రమైన ఖాళీ క్యాసెట్టు డొప్పలోకి మార్చేయడమే. ఇదంతా చూసి టెన్షన్ అనిపిస్తే, అలవాటున్నవాళ్ళకు అప్పగించండి. టేపును ఓవెన్‌లో వేడి చేస్తే బాగవుతుందని ఎవరైనా అంటే వినకండి. పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని అంటుకుపోయే కొన్ని రకాల ప్రొఫెషనల్ టేపులకు, అదీ ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే ప్రత్యేక పరికరంలో చేసే వైద్యం అది. వంటింటి ఓవెన్‌కు దీంతో సంబంధం లేదు.

ఇక బొమ్మ సంగతి. మన టీవీ పద్ధతిలో ఒక ఫ్రేముకు 625 గీతలు, ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్ల సమయం. టేపు సాగినా, లోపలి బిగువు మారినా గీతలు వేళకు మొదలు కావు. స్కూలు ప్రేయర్‌లో ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా తలా ఒక చోట నిలబడతాయి. పైభాగం వంగడం అందుకే. దీన్ని సరిచేసేది టైమ్ బేస్ కరెక్టర్. వచ్చిన గీతల్ని మెమరీలో పట్టి ఉంచి, అన్నిటినీ ఒకే చోట మొదలయ్యేలా బయటికి పంపుతుంది. ఇళ్ళలో వాడిన మామూలు వీహెచ్ఎస్ క్యాసెట్టు పద్ధతికి మెరుగైన రూపం ఎస్-వీహెచ్ఎస్. కొన్ని పాత ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్లలో ఇది లోపలే ఉంటుంది. వాటికి ఎస్-వీడియో అవుట్ కూడా ఉంటుంది కాబట్టి రంగు, వెలుగు విడివిడిగా కంప్యూటర్‌లోకి వెళతాయి. మీ స్టూడియోవాళ్ళు బహుశా మామూలు వీసీఆర్‌కు చవక యూఎస్‌బీ ముక్క తగిలించి ఉంటారు. బొమ్మ తడబడ్డ ప్రతిసారీ అలాంటివి కొన్ని ఫ్రేములు వదిలేస్తాయి, శబ్దం మాత్రం ఆగదు. అత్తయ్య పెదాలకు పాట కుదరకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. ఇదంతా కంప్యూటర్‌లో ‘ఎడిట్’ చేసి సరిదిద్దుతామని చాలామంది అంటారు. నన్నడిగితే ముప్పాతిక పని వీసీఆర్ దగ్గరే ఉంది. టేపులోంచి సరిగా రానిదాన్ని కంప్యూటర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కింద ఊగే పట్టీని పట్టించుకోకండి. ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోట అది ప్రతి వీహెచ్ఎస్ టేపులోనూ ఉంటుంది. అప్పటి టీవీల అంచు దాన్ని కప్పేసేది. నల్ల పట్టీ వేసి మూసేస్తే సరి.

తెల్ల గీతల్లో రెండు రకాలున్నాయి. టేపు నడిపిన ప్రతిసారీ చోటు మారేవి మురికి వల్ల వచ్చేవి. ఎప్పుడూ ఒకే ఫ్రేములో, ఒకే చోట కనిపించేవి పూత రాలిపోయినవి. మొదటి రకానికి మంచి ఉపాయం ఉంది. అదే టేపును 3 సార్లు ఎక్కించి, ఫ్రేముకు ఫ్రేము సరిపెట్టి, ప్రతి చుక్కకూ మూడింటిలో మధ్య విలువను తీసుకోవాలి. ఒకసారి మాత్రమే వచ్చిన గీత దానంతటదే ఎగిరిపోతుంది. రెండో రకానికి పైగీతను కింద అతికించడం తప్ప ఆ టేపులో మందు లేదు. మరో టేపులో ఉండొచ్చు! అత్తయ్య టీవీలో పాడుతోందంటే ఆ రోజు వీసీఆర్ ఉన్న చుట్టాలు, ఇరుగుపొరుగు ఊరుకుని ఉంటారా? అందరికీ ఫోన్ చేయండి. అదే ప్రసారాన్ని ఇంకొకరు రికార్డు చేసి ఉంటే ఒకదాని చిరుగును ఇంకోదానితో కప్పొచ్చు. నాన్నగారి టేపు నుంచి తీసిన కాపీ అయితే అంతగా పనికిరాదు, పాత లోపాలు అందులోనూ ఉంటాయి.

పాటకు ముందూ వెనకా ఉన్న ప్రకటనలు, వార్తల ముక్కలు కత్తిరించొద్దని స్టూడియోవాళ్ళకు గట్టిగా చెప్పండి. ప్రసారమైన తేదీ ఏదో తేల్చేవి అవే.

ప్రశ్న: 1985లో మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. వీసీఆర్ మాత్రం చిన్నాన్న గల్ఫ్ నుంచి తెచ్చారు. అప్పుడు రికార్డు చేసిన నాటకంలో రంగు ఉంటుందా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉండే అవకాశం బాగా ఉంది. మన దేశంలో రంగుల ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌ను రికార్డు చేసింది వీసీఆర్, టీవీ కాదు. స్టూడియోలో రంగుల్లో తీసిన నాటకమైతే మీ ఇంట్లో ఎవరూ చూడని రంగు ఇన్నేళ్ళుగా ఆ టేపులోనే ఉండి ఉంటుంది. మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. వీహెచ్ఎస్‌లో రంగు వివరం తక్కువ. ఎర్ర చీర రంగు అంచు దాటి పక్కకు పారుతుంది. దాన్ని కొంత వెనక్కి జరపొచ్చు.

ఇలా దాక్కున్న రంగును వెతికి తీయడంలో బ్రిటన్‌వాళ్ళు ఘనులు. 1971లో రంగుల్లో ప్రసారమైన ‘డాక్టర్ హూ’ అనే బీబీసీ టీవీ సీరియల్ కథల్లో కొన్నిటి అసలు టేపుల్ని ఆ సంస్థే చెరిపేసి మళ్ళీ వాడుకుంది. మిగిలినవి నలుపు తెలుపు ఫిల్ము కాపీలు. అమెరికాలో ఒక అభిమాని టీవీ నుంచి ఇంట్లో రికార్డు చేసుకున్న టేపుల్లో రంగుంది గానీ బొమ్మ మసక. ఫిల్ములోని స్పష్టతకు ఆ టేపులోని రంగు జోడించి, 1990ల మొదట్లో ఒక కథను మళ్ళీ రంగుల్లో చూపించారు. రంగు కాస్త అలికినట్టున్నా మన కన్ను సర్దుకుంటుంది, గీతలు మసకబారితే ఊరుకోదు. ఇంకా విచిత్రం, ‘డాడ్స్ ఆర్మీ’ అనే హాస్య సీరియల్‌లో 1969 నాటి ఒక భాగం. నలుపు తెలుపు ఫిల్ములోనే సన్నటి చుక్కల రూపంలో రంగు సిగ్నల్ ఆనవాళ్ళు మిగిలిపోయాయి. వాటిని లెక్కగట్టి రంగు రాబట్టి 2008లో ప్రసారం చేశారు.

ప్రశ్న: శాంతి స్వరూప్ గారు వార్తలు చదివిన పాత టేపు ముక్క నా దగ్గర ఉంది. ఫోన్‌లో ఏఐ యాప్‌తో హెచ్‌డీ చేస్తే ముఖం నున్నగా వచ్చింది, కానీ ఆయనలా లేరు. మంచి యాప్ చెప్పగలరా?
- ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: యాప్ చెప్పను బాబూ. టేపులో లేని ముఖాన్ని అది ఊహించి గీస్తోంది. తెర మీది తెలుగు అక్షరాలు చూశావా? ఒత్తులు, గుడులు కలిసిపోయి ఏ భాషో తెలియని గీతలయ్యుంటాయి. 1983లో దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన మనిషి ముఖం, మసకగా ఉన్నా, ఉన్నదున్నట్టు ఉండనీ. దాని బదులు బొమ్మ కదలిక కాపాడుకో. మన టీవీ సెకనుకు 50 అరఫ్రేములు, అంటే గీత విడిచి గీతతో గీసిన సగం బొమ్మలు, చూపించేది. చాలామంది వాటిని 25కు కుదించేయడంతో తల తిప్పడం, కాగితం మార్చడం కుదుపుగా కనిపిస్తాయి. ఏవీసింత్, క్యూటీజీఎంసీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పనిముట్లు 50నీ నిలబెడతాయి. ఇంజనీరింగ్ విద్యార్థివైతే వీహెచ్ఎస్-డీకోడ్ కూడా చూడు. వీసీఆర్ హెడ్ దగ్గరి సిగ్నల్‌ను నేరుగా పట్టుకుని మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేస్తుంది. ఏం చేసినా, మొదట ఎక్కించిన ఫైలును ముట్టుకోకుండా వేరే డిస్కులో దాచు.

ప్రశ్న: అమ్మ ఇండియా నుంచి తెచ్చిన క్యాసెట్టు ఇక్కడి వీసీఆర్‌లో నలుపు తెలుపుగా, దొర్లుతూ కనిపిస్తోంది. పాడైందా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పాడవలేదమ్మా. మన టీవీది 625 గీతల పాల్ పద్ధతి, అక్కడి వీసీఆర్‌ది 525 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. పాల్ వీసీఆర్‌తో, పాల్‌గానే కంప్యూటర్‌లోకి ఎక్కించమనండి. ముందే అమెరికా పద్ధతిలోకి మార్చి ఇస్తామంటే వద్దనండి, కదలిక చెడిపోతుంది. అక్కడ దొరక్కపోతే ఈసారి వచ్చేటప్పుడు చేతి సంచిలో పెట్టుకుని తెండి. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేతో టేపుకు ఏమీ కాదు.