తలుపులు విప్పే ముందు

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీర్వదించి రాసేది.

పాత అంబాసిడర్ కొన్నావని, సొంతంగా విప్పి బాగుచేస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో నేను చేసిన పనిని మన ఇంట్లో మళ్లీ ఒకరు పట్టుకుంటున్నారు.

ముందు బ్యాటరీ తీగ తీసెయ్యి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. ఇవి నీకు తెలిసినవే.

తలుపుల సంగతి తెలియదు. 2014లో ఆగేదాకా బెంగాల్‌లోని ఉత్తరపరలో తయారైన ఆ బండికి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ కాలపు కార్ల కార్ఖానాల్లో అచ్చు నుంచి వచ్చిన రేకులు అన్నీ ఒక్కలా ఉండేవి కావు. వాటిని కలిపేది మనిషి చెయ్యే. తలుపు బిగించి, సందు కంటితో చూసి, తేడా ఉన్నచోట తలుపు ఆడే బందు వెనక పలుచని రేకు ముక్క దోపేవారు. అప్పటికీ కలవకపోతే చెక్క దిమ్మ అడ్డం పెట్టి తలుపునే వంచేవారు. అతుకుల మీద సీసం మెత్తబరిచి, చెక్క బద్దతో సర్ది, ఆకురాయితో నునుపు చేసేవారు. అందుకే ఒక బండి తలుపు అదే రకం ఇంకో బండికి తిన్నగా పట్టదు.

ఇది తెలియక ఇరవై రెండో ఏట ఒక డాక్టరు గారి పాత కారు తలుపులు నాలుగూ ఒకే పూట విప్పాను. బందుల వెనక నుంచి తుప్పు పట్టిన రేకు ముక్కలు రాలాయి. ఎవరో చేతకాక దోపిన చెత్త అనుకుని ఊడ్చి పారేశాను. కొత్త రంగు వేశాక బిగిస్తే వెనక తలుపు జారి, గడపకు ఒరుసుకుని రంగంతా లేచిపోయింది. మూడు రోజులు పెనుగులాడాను. నాలుగో రోజు మా మేస్త్రి పాత డబ్బా రేకు కత్తిరించి, ఒక్కో ముక్కా దోపి చూస్తూ చీకటి పడేదాకా కూర్చున్నారు. ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఒక్కో తలుపే విప్పు. బందు చుట్టూ మేకుతో గీత గియ్యి. రేకు ముక్కలు ఏ బందువి ఆ బందుకే గుడ్డలో మూటకట్టు.

అతుకులకు గ్రైండర్ పెడతానన్నావట! ఎవరు చెప్పారు నీకు? లోపల సీసం ఉంటే ఆ పొడి విషం. చిన్నప్పుడు నీకు ఆయాసం వస్తే భుజాన వేసుకుని తెల్లవార్లూ బందరు రోడ్డు మీద తిరిగినవాణ్ణి నాన్నా, ఆ ఆయాసపు చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు.

ఆదివారం పొద్దున్నే గుంటూరు వస్తాను. అతుకుల జోలికి అప్పటిదాకా వెళ్లకు.

మీ తాతయ్య