పాఠకుల ప్రశ్న – మా జవాబు: టాంగ్‌మియర్ విమాన స్థావరం

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధ చరిత్ర చదువుతున్నప్పుడు ఇంగ్లండులోని టాంగ్‌మియర్ అనే పల్లె పేరు పదే పదే కనిపిస్తోంది. అంత చిన్న ఊరి పక్కన యుద్ధవిమానాల స్థావరం ఎలా వెలిసింది? జర్మన్లు దానిమీద ఎందుకు గురిపెట్టారు? బ్రిటిష్ గూఢచారి నూర్ ఇనాయత్ ఖాన్ అక్కడి నుంచే ఫ్రాన్సుకు వెళ్లిందన్న మాట నిజమేనా?

జవాబు: నిజమే. అయితే ఆ సంగతికి వచ్చే ముందు ఊరి గురించి కొంత చెప్పాలి. టాంగ్‌మియర్ పశ్చిమ ససెక్స్‌లో, చిచెస్టర్ పట్టణానికి తూర్పున సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1916 చివర్లో ఒక పైలట్ ఆ ఊరి పొలంలో అత్యవసరంగా దిగవలసి వచ్చిందనీ, చదునైన ఆ నేల విమానాలకు అనువుగా ఉందని అతడు పై అధికారులకు చెప్పాడనీ అంటారు. మరుసటి ఏడాదే అక్కడ శిక్షణ స్థావరం ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మూతపడిన ఆ స్థావరాన్ని 1925లో మళ్లీ తెరిచారు. రెండో యుద్ధంలో ఊరి నడిబొడ్డున ఉన్న ఇళ్లలో చాలావాటిని వైమానిక దళం స్వాధీనం చేసుకోగా, కొద్ది కుటుంబాలు మాత్రమే అక్కడ మిగిలాయి. ఆ పల్లె తిరిగి పూర్తిగా ఊరివాళ్ల చేతికి వచ్చింది 1966లోనే.

జర్మన్లు గురిపెట్టింది యుద్ధవిమానాల స్థావరం అనే. అయితే దాని అసలు విలువ ఆ పచ్చిక మైదానం కన్నా స్థావరంలోని ఒక గదిలో ఉందని చెప్పాలి. ఆగ్నేయ ఇంగ్లండు రక్షణ బాధ్యత బ్రిటిష్ వైమానిక దళంలోని 11వ గ్రూపుది. దాని అధిపతి న్యూజీలాండ్ దేశస్థుడైన కీత్ పార్క్. ఆ గ్రూపు ప్రాంతాన్ని సెక్టార్లుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక ప్రధాన స్థావరాన్ని ఏర్పాటు చేశారు. అలాంటి వాటిలో టాంగ్‌మియర్ ఒకటి. తీరంలోని రాడార్ కేంద్రాలు శత్రు విమానాలను పసిగట్టగానే ఆ వార్త ముందుగా లండన్ శివార్లలోని ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి అక్స్‌బ్రిడ్జ్‌లోని గ్రూపు కార్యాలయానికి, ఆ తరువాత సెక్టార్ ఆపరేషన్స్ గదికి చేరేది. ఆ గదిలోని కంట్రోలర్ రేడియో ద్వారా పైలట్లకు ఏ దిక్కుగా, ఎంత ఎత్తులో వెళ్లాలో చెప్పి శత్రువుకు ఎదురు పంపేవాడు. ఆ గది మూగబోతే ఆకాశంలో ఉన్న పైలట్లకు దారి చూపేవారే ఉండరు. అంత కీలకమైన గదులను స్థావరాలలోనే ఉంచడం బ్రిటిష్ వారి పొరపాటే అయినా, వాటి విలువను జర్మన్లు సరిగా గ్రహించకపోవడం బ్రిటిష్ వారి అదృష్టం. తరువాత టాంగ్‌మియర్ ఆపరేషన్స్ గదిని చిచెస్టర్‌లోని ఒక కళాశాల భవనానికి మార్చారు.

1940 ఆగస్టు 16న, మధ్యాహ్నం వేళ, స్టూకా డైవ్‌బాంబర్లు (నిటారుగా కిందికి దూకి బాంబులు వేసే జర్మన్ విమానాలు) టాంగ్‌మియర్ మీద విరుచుకుపడ్డాయి. హ్యాంగర్లు నేలమట్టమయ్యాయి, నేలమీది విమానాలు ధ్వంసమయ్యాయి, స్థావరంలో పలువురు చనిపోయారు. అయినా స్థావరం పని ఆగలేదు. ఆ రోజే 601వ స్క్వాడ్రన్‌కు చెందిన అమెరికన్ పైలట్ బిల్లీ ఫిస్క్, దెబ్బతిన్న తన హరికేన్ యుద్ధవిమానాన్ని విడిచిపెట్టకుండా స్థావరానికి తెచ్చి దించాడు. అప్పటికే తీవ్రంగా కాలిన గాయాలతో ఉన్న అతడు మరునాడు కన్నుమూశాడు. 1928, 1932 శీతాకాల ఒలింపిక్స్‌లో బాబ్‌స్లే (మంచు బాటమీద జారే బండ్ల) పందెంలో స్వర్ణ పతకాలు గెలిచిన ఫిస్క్‌కు, అతడి దేశం ఇంకా యుద్ధంలోకి దిగకముందే, పక్క ఊరైన బాక్స్‌గ్రోవ్ చర్చి ఆవరణలో సమాధి కట్టారు. టాంగ్‌మియర్ చర్చి శ్మశానంలోనైతే బ్రిటిష్ వైమానికుల సమాధులూ, జర్మన్ వైమానికుల సమాధులూ ఉన్నాయి.

1941లో స్థావరం పాత్ర మారింది. అంతవరకు కాచుకున్నవారు ఇప్పుడు ఫ్రాన్సు మీదికి దాడికి వెళ్లసాగారు. 1931 నాటి ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న డగ్లస్ బాడర్ టాంగ్‌మియర్ వింగ్‌కు (కొన్ని స్క్వాడ్రన్ల దళానికి) నాయకత్వం వహించి, ఆ ఏడాది ఆగస్టు 9న ఫ్రాన్సు గగనతలంలో విమానం కోల్పోయి జర్మన్లకు చిక్కాడు.

ఇక నూర్ విషయం. స్థావరం ప్రధాన ద్వారానికి ఎదురుగా ఉన్న ఒక కుటీరం రహస్య విధులవారి విడిది. వెన్నెల రాత్రులలో లైసాండర్ అనే చిన్న విమానాలు అక్కడి నుంచి ఎగిరి, ఫ్రాన్సులోని పొలాలలో టార్చిలైట్ల వెలుతురు ఆనవాలుగా దిగి, గూఢచారులను దించి, తిరిగి వచ్చేవారిని ఎక్కించుకుని తెల్లవారకముందే వెనక్కి చేరేవి. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన నూర్ 1943 జూన్ 16 రాత్రి అలాంటి విమానంలోనే బయలుదేరింది. ఆక్రమిత ఫ్రాన్సుకు బ్రిటన్ పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. ఆమెను 1944 సెప్టెంబరులో దహావ్ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు. 1949లో ఆమెకు బ్రిటన్ సాహస పురస్కారమైన జార్జ్ క్రాస్ ప్రకటించారు.

యుద్ధం తరువాత ఈ స్థావరం వేగానికి పేరుపడింది. 1946 సెప్టెంబరు 7న టెడ్డీ డోనాల్డ్‌సన్ మీటియర్ జెట్‌లో గంటకు 616 మైళ్ల వేగంతో, సరిగ్గా ఏడేళ్లకు అదే తేదీన నెవిల్ డ్యూక్ హంటర్‌లో 727 మైళ్లకు పైగా వేగంతో, ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. 1970 అక్టోబరులో స్థావరం మూతపడింది. 1982 నుంచి అక్కడ మ్యూజియం నడుస్తోంది. ఆ రెండు విమానాలనూ దానిలో ప్రదర్శనకు ఉంచారు. మైదానంలో ఎక్కువ భాగం మళ్లీ సాగులోకి వచ్చింది. హరికేన్లు పరుగెత్తిన నేలలో ఇప్పుడు విశాలమైన గాజు గృహాలు వేసి క్యాప్సికం పండిస్తున్నారు.