విశాఖ పోయే బిడ్డకు పెద్దమ్మ రాసిన ఉత్తరం

నల్లగొండ

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌ల పంపిన చిట్టా చూసిన. విశాఖపట్నంల సముద్రం ఒడ్డు హోటలు, మూడు రాత్రులు, స్పా. ఇంతవరకు మంచిగనే ఉన్నది. దాని కింద అరకు, బొర్రా గుహలు, అన్నవరం, సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్ అని వరుసపెట్టి రాసినవ్ చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది. అవన్నీ తిరిగితే దేవరకొండల మీ ఇంటికి వచ్చేసరికి నువ్వు పోయేనాటికంటె ఎక్కువ అలిసిపోతవ్. మన దిక్కు అలవాటే అంత, గడప దాటితె కిరాయి పైసలు గిట్టేదాక తిరగాలె. యాత్రకు పోయినప్పుడు తిరుగు, ఎవరొద్దన్నరు? ఇప్పుడు నీకు బడి, ఇల్లు, మీ అత్తమ్మ మందులు, పిల్లల చదువులతోని నడుము పట్టుకపోయింది, నిద్ర కరువైంది. దానికోసం పోతున్నవ్. అందుకే చెప్తున్న, రోజుకు ఒక్క పనికంటె ఎక్కువ పెట్టుకోకు. తక్కిన పొద్దంత ఖాళీగ ఉండనియ్యి.

అరకు విశాఖకు వంద కిలోమీటర్ల పైనే, అందుల ఘాట్ రోడ్డు. పోను రాను ఒక రోజంత కారులనే పోతది. అన్నవరం ఇంకో దిక్కు, అది గూడ వంద దాటుతది. రెండూ కొట్టెయ్యి. సింహాచలం ఊరికి దగ్గరే. అప్పన్నను మొక్కకుంట వస్తే నీతోని వచ్చే మీ అత్తమ్మ ఊకుంటదా, ఏడాది పొడుగున అంటది. తిరుగు బండి మధ్యాహ్నం దాటినంక ఉండేటట్టు టికెట్ తీసుకొని, ఆ పొద్దుగాల దర్శనం చేసుకోండ్రి. సబ్‌మెరైన్ పిల్లలు చూసేది. పిల్లలు ఈసారి నా కాడ ఉంటరు గద.

ఎప్పుడు పోవాలె అన్నవ్. దసరా సెలవులల్ల పోదామని అల్లుడు అంటున్నడట. ఆ దినాలల్ల బంగాళాఖాతం నెమ్మదిగ ఉండదు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. 2014ల హుద్‌హుద్ అక్టోబర్ 12నాడు విశాఖ మీదనే వచ్చి పడ్డది. ఎండకాలం ఉక్కకు ప్రాణం పోతది. మన నల్లగొండ ఎండ కాలుస్తది గని చెమట ఆరుతది, అక్కడ ఆరదు. సంక్రాంతికి ఆంధ్రోళ్లంత ఊర్లకు పోతరు, బండ్లల్ల కాలు పెట్ట సందు ఉండదు, హోటళ్ల రేట్లు గూడ చెట్టెక్కుతయి. జనవరి ఆఖరుల, ఫిబ్రవరిల పోండ్రి. ఆదివారం నాడు దిగి సోమ, మంగళ, బుధ సెలవు పెట్టు. శని ఆదివారాలకంటె అప్పుడు గది అగ్గువకు దొరుకుతది, జనం గూడ తక్కువ.

బండి సంగతి. విశాఖ ఎక్స్‌ప్రెస్ మన నల్లగొండల సాయంత్రం ఎక్కితే తెల్లారి దింపుతది, ఒక రోజు కలిసొస్తదని అందరు దాన్నే పట్టుకుంటరు. గని హోటళ్లల్ల గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో. అప్పటిదాక పెట్టెలు ముంగట పెట్టుకొని, మీ అత్తమ్మను సోఫాల కూసోబెట్టి ఏం చేస్తవ్? జన్మభూమి ఎక్స్‌ప్రెస్ పొద్దుగాల ఎక్కితే మిర్యాలగూడ, గుంటూరు, బెజవాడ మీద పోయి రాత్రి వరకు చేరుస్తది. కూసొని పోవుడే, గని కిటికీల నుంచి కృష్ణ, గోదావరి రెండూ చూడొచ్చు. పోయి స్నానం చేసి పండుకుంటె తెల్లారి నుంచి రోజంత నీదే. తూర్పు తీరం గద, పొద్దు సముద్రంల నుంచే పొడుస్తది. మెలకువ వస్తే చూడు. అలారం పెట్టుకొని మాత్రం లేవకు.

హోటలోళ్లకు ఫోన్ నువ్వే చెయ్యి, అల్లునికి అడుగుడు రాదు. సముద్రం కనపడే గది అంటరు, కిటికీల నుంచి మెడ బయటపెడితే మూలకు నీలం గీత కనపడినా వాళ్ల లెక్కల అదే. మంచం మీంచి కనపడుతదా అని అడుగు. ఆర్కే బీచ్ రోడ్డు మీద అయితే సాయంత్రం జనం, బండ్ల లొల్లి. రుషికొండ, భీమిలి దిక్కు నిమ్మళం, గని స్టేషన్‌కు దూరం. నాకైతే రుషికొండ దిక్కే మంచిది. ప్యాకేజీల స్పా ఉన్నదంటె ఎన్ని నిమిషాలు, ఏం చేస్తరు, ఇద్దరికా ఒక్కరికా అని అడుగు. చాలా చోట్ల ఉత్తగ ఇచ్చేది అరగంట కాళ్లు పిసుకుడే, తక్కినదానికి వేరే బిల్లు. గది అద్దె రోజుకు 7,500 దాటితె జీఎస్టీ 18 శాతం పడుతది, అందుకే చెప్పిన రేటుల పన్ను కలిసిందా అని తప్పక అడుగు. ఈతకొలను ఉంటె, కాటన్ చుడీదార్‌తోని, నైటీతోని దిగనియ్యరు. మోకాళ్ల దాక, మోచేతుల దాక ఉండే నైలాన్ ఈత బట్టలు దొరుకుతయి, ఇక్కడనే కొనుక్కపో.

ఇగ స్పా. నీకు సిగ్గయితదని నాకు తెలుసు, అడగలేక నాలుగు మాటలు అటిటు తిప్పి అడిగినవ్. సూటిగ చెప్త విను. ముందు రోజే ఫోన్ చేసి ఆడమనిషే చెయ్యాలె అని చెప్పి టైం రాపిచ్చుకో. లోపల నీకొక గౌను, పారేసే లోదుస్తులు ఇస్తరు. నీ లోబట్టలు నువ్వు ఉంచుకుంటనన్నా ఎవరేమనరు. బల్ల మీద పండుకున్నంక మీదికెల్లి దుప్పటి కప్పే ఉంటది, ఏ చెయ్యి, ఏ కాలు రుద్దుతున్నరో అంతవరకే తీస్తరు. వద్దనుకున్న చోటు ముందే చెప్పు. నడుమల ఇబ్బందైతే ఆపమను, లేచి రా. పైసలు కట్టినం గదాని ఓర్చుకోకు. ఆ పిల్లలు చానమంది ఈశాన్య రాష్ట్రాలోళ్లు, కేరళోళ్లు ఉంటరు, తెలుగు రాదు. మనకు హిందీ వస్తది గద, గట్టిగ పిసికితే 'ఆహిస్తా' అంటె చాలు.

ఏం చేపిచ్చుకోవాలె? నీకు అభ్యంగనం ఒక్కటి, గంటసేపు. బాలింతకు నూనె రాసి రుద్ది నీళ్లు పోసేటోళ్లు చూడు, దాని లాంటిదే, చల్లగదిల చేస్తరు గంతే. స్వీడిష్ అన్నా మెత్తగనే చేస్తరు. డీప్ టిష్యూ, అంటె లోపలి కండలదాక గట్టిగ పిసికేది, మాత్రం అలవాటు లేనోళ్లకు వద్దు, తెల్లారి లేస్తే ఒళ్లంత కొట్టినట్టుంటది. నొప్పి ఎంత ఉంటె గుణం అంత అనుకునుడు ఉత్త మాట. రెండో రోజు కావాలనిపిస్తే శిరోధార చేపిచ్చుకో. నుదుటి మీద గోరువెచ్చని నూనె సన్నగ ధార పోస్తరు. రోగాలు కుదురుతయని చెప్తె నమ్మకు. ఆ అరగంట ఫోన్ లేకుంట కండ్లు మూసుకొని పండుకునుడే అందుల సుఖం. 'ఒంట్ల విషం గుంజుతది' అనేటియి గూడ పట్టించుకోకు, ఆ పని చెయ్యనీకె కార్జం, మూత్రపిండాలు ఉన్నయి. నర్సు కొలువు చేసినదాన్ని, ఆ మాట వింటె నాకు ఒళ్లు మండుతది.

శిరోధార అయినంక తల జిడ్డు ఒక పట్టాన పోదు. నీళ్లు పొయ్యకముందే పొడి జుట్టుకు షాంపూ పట్టించి, మంచిగ నలిపి, తర్వాత నీళ్లు పొయ్యి. కుంకుడుకాయ పొడి ఒక డబ్బల పెట్టుకపోతె ఇంకా మంచిది. తిన్న గంటన్నర, రెండు గంటల దాక మసాజ్ వద్దు, కడుపు మాడ్చుకొని గూడ పోకు. పుస్తెలతాడు, గాజులు లాకర్ల పెట్టి పో, నూనెకు పాడైతయి, ఎక్కడన్న మరిచిపోతివంటె సెలవంత దాని వెంబడే. స్క్రబ్ (గరుకు పొడితోని ఒళ్లు రుద్దుడు), వ్యాక్సింగ్ చేపిచ్చుకున్ననాడు సముద్రంల దిగకు, ఉప్పు నీళ్లు తగిలి భగ్గుమంటది. సముద్రం ముందు, స్క్రబ్ తర్వాత.

మీ అత్తమ్మను తోల్కపోతనన్నవ్. తోల్కపో, మంచిదే, ఒక్కతిని ఇంట్ల విడిచిపెడితె నీ మనసు అక్కడనే ఉంటది. గని ఆమెకు వేరే గది తియ్యి, పక్కపక్కనవి. మీ గదిలనే ఉంచుకుంటె నువ్వు మళ్ల ఇంట్ల ఉన్నట్టే. ఆమె మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు, ఆ ఊర్లల్ల అంతకుమించి తాగి తాగి ఎముకలు గట్టిపడి, కీళ్ల కాడ ఎముకలను పట్టి ఉంచే నారలు బిగుసుకపోయినయి. చూసేటోళ్లకు మామూలు కీళ్లనొప్పుల తీరుగనే ఉంటది. మెడ అటిటు తిప్పి కటకట విరిచేటియి, వీపు మీద మోకాలు పెట్టి గుంజేటియి ఆమెకు అస్సలు వద్దు. బిగుసుకపోయిన వెన్నెముకను గుంజితె తిరుగుతదా? ఎముక గట్టిగ కనపడుతది గని పెళుసుగ ఉంటది, విరగనీకె సమయం పట్టదు. అక్కడి పిల్లలకు ఫ్లోరైడ్ అంటె ఏందో తెల్వకపోవచ్చు. అందుకే ముందు ఇచ్చే కాయితం మీద 'మెడ, వెన్ను ముట్టొద్దు' అని నువ్వే రాయి, నోటితోని గూడ చెప్పు. తలకు నూనె, చేతులు కాళ్లు మెత్తగ రుద్దుడు, అంతవరకు చాలు. నీ మసాజ్ టైంకే ఆమెకు గూడ రాపిస్తె ఇద్దరికి ఒక్కసారే అయిపోతది, ఆమె ఎట్లుందో అని నీకు రంధి ఉండదు.

ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నయి కాబట్టి ఆవిరి గది, సోనా అనే పొడి వేడి గది, వేడినీళ్ల తొట్టి ఏదీ వద్దు. బీపీ గోళీ ఏసుకున్న మనిషి వేడికి రక్తనాళాలు వదులై, లేచి నిలబడంగనే కండ్లు తిరిగి పడతది. నువ్వు పోయినా ఆవిరిల పది నిమిషాలు మించకు, బయటికొచ్చి నీళ్లు తాగు. షుగరు పాదాలకు వేడి తెల్వదు. కాళ్లు కడగనీకె గోరువెచ్చని నీళ్లు పెడితె నీ మోచెయ్యి ముంచి చూసి పెట్టిపియ్యి. పెడిక్యూర్‌ల బ్లేడుతోని పాదం గీకనియ్యకు. మధ్యాహ్నం ఇసుకల వట్టి కాళ్లతోని నడవనియ్యకు, బొబ్బలెక్కినా ఆమెకు తెల్వది, రెండు రోజులకు పుండు కనపడుతది. రక్తం పలచనయ్యే గోళీలు గిట్ల ఏసుకుంటె మసాజ్ సంగతి పోయేముందు డాక్టర్ను అడుగు.

అల్లుని సంగతి. పిలగానిగున్నప్పటి సంది బాయిల దూకి ఈత నేర్చినోడు, సముద్రం చూస్తె ఆగడు. బాయిల నీళ్లు ఉన్న కాడ ఉంటయి. అక్కడ లోపలికి గుంజుతయి. రుషికొండ కాడ, యారాడ కాడ మంచి ఈతగాళ్లే కొట్టుకపోయిన్రు. ఎర్ర జెండా ఉంటె దిగొద్దు. రెండు దిక్కుల అలలు విరుగుతుంటె నడుమ ఒక్క చోట నీళ్లు నున్నగ ఉంటయి చూడు, అక్కడ మంచిగున్నదని దిగుతరు, గుంజేది ఆడనే. గుంజితె ఒడ్డుకు ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, గుంజుడు తగ్గినంక బయటికి రావాలె. మోకాలు దాటి పోవద్దని నా మాటగ చెప్పు. మందు తాగి మాత్రం నీళ్ల దిక్కు పోనియ్యకు.

పైసల మాట రెండు ముక్కలల్ల. మసాజ్ అయినంక నువ్వు మత్తుల ఉన్నప్పుడు 'మేడం, చర్మం పొడిగున్నది, ఫేషియల్ తీసుకోండి, ఈ నూనె తీసుకోండి' అంటరు. ఆయనను అడిగి చెప్త అని లేచి రా. అసుంటి చిన్న సీసలల్ల చానా వాటిల ఉండేది నువ్వుల నూనెనే, గానుగ కాడ కిలోల లెక్కన పట్టిచ్చుకోవచ్చు. లాబీల ఎవరన్న ఉత్తగ భోజనం పెడ్తం, మెంబర్‌షిప్ గురించి గంటసేపు వినండి అంటె ఆ గంట ఇయ్యకు. హోటల్ బిల్లుల సర్వీస్ చార్జి రాస్తె తీసెయ్యమని అడగొచ్చు, తప్పనిసరి కాదని 2022లనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది. రుద్దిన పిల్ల చేతుల మాత్రం ఎంతో కొంత పెట్టు, దినమంత నిలబడి చేసే పని అది.

బడి వాట్సాప్ గ్రూపు మూసిపెట్టు. మొదటి రోజు నీకు ఏం తోచదు, చేతులు ఊకుండవు, అల్లుని అంగీలు మడత పెడుతవ్. పెట్టుకో. రెండో రోజుకు తగ్గుతది.

పిల్లలను ముందు రోజు సాయంత్రమే తెచ్చి దింపు, మీరు గూడ రాత్రి ఇక్కడనే పండుకుంటె పొద్దుగాల స్టేషన్‌కు ఉరుకులాట ఉండదు. చిన్నోని దగ్గు మందు, పెద్దదాని లెక్కల పుస్తకం మర్చిపోకు. ముగ్గురి ఆధార్ కార్డులు చేతి సంచిల పెట్టుకో, పెద్ద పెట్టెల అడుగున కాదు. అత్తమ్మ గోళీలు రెండు రోజులయి ఎక్కువ పెట్టు. టికెట్ అయినంక తారీఖు చెప్పు, ఆ నాలుగు దినాలు నేను ఎవరి పెండ్లికి ఒప్పుకోను.

ఇట్లు
మీ పెద్దమ్మ