బటన్ నొక్కితే డ్రైవరు మారిపోతాడా?

న్యాయ సందేహాలు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు న్యాయవాది సమాధానాలు

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. నేను మారతహళ్లిలో ఉంటూ ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఈ మధ్య కొన్న కారులో ఏడాస్ (డ్రైవరుకు సాయపడే కంప్యూటరు వ్యవస్థ) సదుపాయం ఉంది. ముందున్న బండిని బట్టి వేగం తనే తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది, లేన్ గీతల మధ్య స్టీరింగ్ కూడా తనే సర్దుకుంటుంది. పోయిన శుక్రవారం రాత్రి ఇందిరానగర్‌లో స్నేహితులతో రెండు లార్జ్‌లు తీసుకుని, ఆ సదుపాయం పెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తుండగా పోలీసులు ఆపి ఊదమన్నారు. మీటరు 74 చూపింది. బండి నడిపింది నేను కాదు, కంప్యూటరు అని చెప్పాను. వారు నవ్వి, కాగితాలు రాసి కారు తీసుకుపోయారు. కోర్టులో ఈ వాదన నిలుస్తుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, మారతహళ్లి

జవాబు: నిలవదు. మీకు మేలు కోరి చెబుతున్నాను, ఆ వాదన అసలు ఎత్తకండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం వాహనం నడుపుతున్నప్పుడు గానీ నడపడానికి ప్రయత్నిస్తున్నప్పుడు గానీ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే అది నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రెండోసారి దొరికితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000 రూపాయలు. మీ అంకె పరిమితికి రెండింతలు దాటింది కాబట్టి మిగిలిన ప్రశ్న ఒక్కటే, మీరు ‘నడుపుతున్నారా’ అన్నది. చిత్రమేమిటంటే నడపడం అంటే ఏమిటో ఈ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. మీబోటి వారికి ఆశ పుట్టేది ఆ సందులోనే.

అయితే ‘డ్రైవరు’ అన్న మాటకు 2వ సెక్షన్ 9వ క్లాజులో ఒక చిన్న వివరణ ఉంది. చెడిపోయిన కారును తాడు కట్టి మరో బండితో లాక్కుపోతున్నప్పుడు, వెనకబండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న మనిషి కూడా డ్రైవరే అని అది చెబుతుంది. ఆ మనిషి పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. ఇంజన్ ఆగిపోయింది, వేగం అతని చేతిలో లేదు, ఎటు పోవాలో ముందుబండివాడు నిర్ణయిస్తున్నాడు. అయినా పక్కకు లాగితే సరిచేయవలసినవాడు, బ్రేకు తొక్కవలసినవాడు అతనే కనుక చట్టం అతన్ని డ్రైవరనే పిలిచింది. కంప్యూటరు కార్ల ఊసే లేని 1988 నాటికే మన చట్టం చూసింది బండిని ఎవరు కదిలిస్తున్నారన్నది కాదు, సరిచేయవలసిన బాధ్యత ఎవరిదన్నది. మీ కారులోని సదుపాయాన్ని ముందు కట్టిన ఆ తాడు అనుకోండి, మీ కేసు మీకే అర్థమవుతుంది.

ఇక సాంకేతికంగా చూసినా మీకు అనుకూలం కాదు. వాహనాల స్వయంచాలకతకు ప్రపంచమంతా వాడే కొలబద్ద ప్రకారం 0 నుంచి 5 దాకా ఆరు అంచెలున్నాయి. మన దేశంలో ఏడాస్ పేరుతో అమ్ముతున్న కార్లు రెండో అంచెను దాటలేదు. ఆ అంచెలో యంత్రం సహాయకుడు మాత్రమే. రోడ్డును క్షణక్షణం కనిపెట్టుకుని ఉండవలసింది మనిషే. మీ కారుతో ఇచ్చిన పుస్తకం తెరిస్తే ఈ ముక్క ఒకటికి నాలుగు చోట్ల కనిపిస్తుంది. రేపు ప్రాసిక్యూషన్ అదే పుస్తకాన్ని మీ ముందు పెట్టగలదు.

ఇక్కడ నేను కళ్లారా చూసింది ఒకటి చెప్పాలి. ఆ మధ్య ఒక కక్షిదారు తన కొత్త కారులో నన్ను మైసూరుకు తీసుకువెళ్లారు. బిడది దాటాక స్టీరింగ్ వదిలేసి, చూడండి సార్, అదే పోతుంది అన్నారు. కొన్ని సెకన్లకే ఎదురుగా తెర మీద రెండు చేతులు స్టీరింగ్ పట్టుకున్న బొమ్మ వెలిగింది. ఆ తరువాత బీప్ మోగింది. ఆయన ఏమీ కంగారు పడకుండా తలుపు సంచిలోంచి సగం తాగిన అర లీటరు నీళ్ల సీసా తీసి స్టీరింగ్ కమ్మీల మధ్య దోపారు. బీప్ ఆగిపోయింది. చక్రం మీద పడే కొద్దిపాటి బరువును బట్టి చేయి ఉందో లేదో కారు గుర్తిస్తుంది కాబట్టి, సీసా బరువును అది చెయ్యి అనుకుంది. చెయ్యికీ సీసాకూ తేడా తెలియని యంత్రం మీద ప్రాణాలు పెట్టి అంత నిశ్చింతగా కూర్చున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. రామనగర చేరేలోగా సీసా తీయించాను. నాకు కారు నడపడం రాదు కాబట్టి అంతకు మించి చేయగలిగింది లేకపోయింది.

మీ వాదన కొత్తదీ కాదు. 2018 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి మీద ఆగి ఉన్న టెస్లాలో మత్తులో పడి ఉన్న ఒకరు, కారు ఆ కంపెనీ ఏడాస్ అయిన ఆటోపైలట్‌లో ఉందని అక్కడి హైవే పోలీసులకు చెప్పారు. అరెస్టు తప్పలేదు. అదే ఏడాది నవంబరు చివరలో అదే ప్రాంతంలోని 101 హైవే మీద మరో టెస్లా తెల్లవారుజామున వేగంగా పోతోంది, లోపల మనిషి నిద్రలో ఉన్నాడు. లైట్లు వేసినా, సైరన్ మోగించినా లేవలేదు. చివరికి ఒక పోలీసు కారు ముందుకు వెళ్లి మెల్లమెల్లగా వేగం తగ్గిస్తూ వస్తే, వెనకున్న కారు కూడా తగ్గించుకుంటూ ఆగింది. అతన్నీ మద్యం తాగి నడిపిన అనుమానంతోనే అదుపులోకి తీసుకున్నారు. యంత్రం పనిచేసింది, నిజమే. దాని పైన ఉండవలసిన మనిషి పనిచేయలేదు.

కంప్యూటరే నడిపిందని మీరు కోర్టులో అంటే, రోడ్డు మీద నా ధ్యాస లేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ప్రమాదకరంగా నడపడం అనే 184వ సెక్షన్‌ను మీరే పిలిచి కూర్చోబెట్టినట్టు. ఊదిన తరువాత ఇచ్చిన చీటీ మీద తేదీ, సమయం, మీ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, స్థానిక న్యాయవాది సలహాతో హాజరవండి.

ప్రశ్న: ఒక్క పెగ్గుతో ఏమీ కాదని మావారు అంటారు. కారులో ఎలాగూ ఆటోమేటిక్ బ్రేకు ఉంది కదా అని కూడా అంటారు. ఇది నిజమేనా అండీ?
– ఒక గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: లెక్క వేసి చూద్దామమ్మా. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో సుమారు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 70 కిలోల మగవారికి అది ఒక్కసారిగా రక్తంలో కలిస్తే 100 మిల్లీలీటర్లకు దాదాపు 40 మిల్లీగ్రాములు అవుతుంది, అంటే ఒక్క లార్జ్‌తోనే పరిమితి దాటవచ్చు. 650 మిల్లీలీటర్ల బీరు, ఐదు శాతందే అయినా, అంతకంటే ఎక్కువ. శరీరం దాన్ని గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే కరిగించుకుంటుంది. నిమ్మరసం, బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచవు. ఆటోమేటిక్ బ్రేకు ఉన్నా ఈ అంకె ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాగే ఏడాస్ కారులో, తాగి ఉండి, వర్తూరు దగ్గర ఆటోను గుద్దాడు. ఆటో డ్రైవరుకు కాలు విరిగింది. కారు తనంతట తానే బ్రేకు వేయలేదు కనుక తప్పు కంపెనీదని అబ్బాయి అంటున్నాడు. బీమా వస్తుందా?
– ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ కారు మరమ్మతుకు రాదనే అనుకోండి. మత్తులో నడిపితే సొంత నష్టానికి పరిహారం ఇవ్వరాదన్న మినహాయింపు ప్రైవేటు కార్ల పాలసీలో ఉంటుంది. బీమా సంస్థ ఇఫ్కో టోకియోకూ, కారు యజమాని పెర్ల్ బెవరేజెస్ సంస్థకూ మధ్య కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఈ మినహాయింపును పరిశీలించి, బీమా సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. ఆ కేసులో ప్రాసిక్యూషన్ వారి ఊపిరి పరీక్ష, రక్త పరీక్ష లేకపోయినా, ఇతర సాక్ష్యాన్ని బట్టి మత్తు ప్రభావాన్ని నిర్ణయించవచ్చని కోర్టు భావించింది.

ఆటో డ్రైవరు సంగతి వేరు. ఆయన మూడో పక్షం, అంటే పాలసీ ఒప్పందంలో లేని బయటి మనిషి. అలాంటి బాధితులకు ముందు బీమా సంస్థే పరిహారం చెల్లించి, తరువాత ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశించిన సందర్భాలు అనేకం ఉన్నాయి. అంటే ఆ డబ్బు చివరికి మీ ఇంటి మీదికే రావచ్చు. బ్రేకు వ్యవస్థలో నిజంగా లోపముంటే కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది, కాని దాని వల్ల తాగి నడిపిన నేరం చెరిగిపోదు. ఇంకొకటి, ఈ కేసులో ప్రాణం పోలేదు కాబట్టి సరిపోయింది. ముంబైలో తాగి కారు నడిపి ఏడుగురి మరణానికి కారకుడైన ఒకరి కేసులో, అది కేవలం నిర్లక్ష్యం కాదు, ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పని అని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. ‘ఏమీ కాదు, కారే చూసుకుంటుంది’ అని తాగిన అబ్బాయి చేతికి ఎవరైనా తాళాలు ఇచ్చి ఉంటే, ప్రోత్సహించినవారికీ అదే శిక్ష అన్న 188వ సెక్షన్ కూడా ఉంది. ఆ రాత్రి అతని వెంట ఉన్నవారిని మీరే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు మమ్మల్ని వేమో ట్యాక్సీ ఎక్కించింది. ముందు సీటులో మనిషే లేడు, చక్రం దానంతటదే తిరుగుతుంటే మా ఆవిడ దారంతా హనుమాన్ చాలీసా చదివింది. అలాంటివి బెంగళూరుకు వస్తే తాగినవాళ్లు హాయిగా ఇంటికి చేరవచ్చు కదా? లోపల కూర్చుని తాగవచ్చా?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు, జయనగర్

జవాబు: మాస్టారూ, మీరు ఎక్కింది నాలుగో అంచె బండి. నిర్ణీత ప్రాంతంలో మనిషి సాయం లేకుండా పూర్తిగా తనే నడుపుకుంటుంది, కష్టం వస్తే తనే పక్కకు తీసి ఆపుకుంటుంది. వెనక కూర్చున్నవారిది ఆటోలో కూర్చున్నవారి స్థానమే. చట్టానికి చిక్కు వచ్చేది ఆ రెండో అంచెకూ ఈ నాలుగో అంచెకూ మధ్యలో. మెర్సిడెస్ 2022లో జర్మనీలో అమ్మకానికి పెట్టిన మూడో అంచె సదుపాయం అలాంటిది. హైవే మీద నెమ్మదిగా సాగే రద్దీలో కారే నడుపుతుంది, అది పిలిచినప్పుడు మాత్రం మనిషి అందుకోవాలి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం అందుకోవడానికి ఇచ్చే వ్యవధి కనీసం పది సెకన్లు. మూడు పెగ్గుల తరువాత పది సెకన్లలో తాళంచెవి రంధ్రం కూడా దొరకదు. అందుకే జర్మనీ 2017లో చట్టం మారుస్తూ, దృష్టి మళ్లించవచ్చు గాని అందుకునే స్థితిలో ఎప్పుడూ ఉండాలని షరతు పెట్టింది. బ్రిటన్ 2024లో చేసిన చట్టం యంత్రం నడిపిన తీరుకు మనిషిని శిక్షించరాదంటుంది. అయితే డ్రైవరు సీటులో ఉన్నవారు నడపగల స్థితిలో ఉండాలన్నది ఆ చట్టానికి పునాది వేసిన లా కమిషన్ల 2022 నివేదిక మాట.

మీ అమ్మాయి ఉన్న కాలిఫోర్నియాలోనే 2025 సెప్టెంబరులో ఒక విచిత్రం జరిగింది. శాన్ బ్రూనోలో రాత్రిపూట తాగి నడిపేవారి కోసం కాపు కాసిన పోలీసుల కళ్ల ముందే ఒక వేమో కారు చేయకూడని చోట యూటర్న్ చేసింది. ఆపి చూస్తే లోపల ఊదించడానికి మనిషి లేడు, చలానా రాయడానికీ లేడు. చలానా పుస్తకంలో రోబోకు గడి లేదని ఆ పోలీసు శాఖే చమత్కరించింది. ఇలాంటప్పుడు తయారీ సంస్థకే నోటీసు ఇచ్చే వీలు కల్పిస్తూ ఆ రాష్ట్రం 2024లో చేసిన చట్టానికి 2026 జులై నుంచి అమలు అని తేదీ పెట్టారు.

మన దగ్గర మాత్రం దారి ఇంకా పడలేదు. 126వ సెక్షన్ చూడండి. బహిరంగ స్థలంలో బండిని ఆపి ఉంచాలంటే డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, లేదా ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉండాలి. మనిషి లేని ట్యాక్సీ సిగ్నల్ దగ్గర ఆగిందంటేనే ఈ సెక్షన్‌తో తగాదా మొదలవుతుంది. 2019లో చేర్చిన 2బి సెక్షన్ కింద పరిశోధన కోసం కొన్ని వాహనాలకు కేంద్రం మినహాయింపు ఇవ్వవచ్చు. కాని డ్రైవర్ల ఉపాధి పోతుంది కనుక డ్రైవరు లేని కార్లను రానివ్వమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017 నుంచీ అంటూనే ఉన్నారు.

లోపల కూర్చుని తాగడం అన్నది పూర్తిగా వేరే చట్టం. బిహార్ ఎక్సైజు చట్టం కింద వచ్చిన ఒక కేసులో, రోడ్డు మీద పోతున్న సొంత కారు కూడా ఆ చట్టం దృష్టిలో బహిరంగ స్థలమేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కర్ణాటక ఎక్సైజు చట్టం కూడా బహిరంగ స్థలంలో మద్యం తాగడాన్ని నిషేధిస్తుంది. కనుక నడిపేది ఎవరైనా, సీసా మూత కారులో తీయకపోవడమే క్షేమం. ఆ మాటకొస్తే తాగినవారు హాయిగా ఇంటికి చేరడానికి వేమో దాకా ఎందుకు మాస్టారూ, వెనక సీటులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే ఆటోలు, ట్యాక్సీలు ఈ ఊళ్లో ఇప్పటికే ఉన్నాయి, మీటరు మీద బేరం ఒక్కటే చేసుకోవాలి.

ప్రశ్న: తాగిన తరువాత నడపకుండా, బార్ పార్కింగులోనే కారులో ఏసీ వేసుకుని తెల్లవారేదాకా పడుకుంటే నేరమా?
– ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: మన 185వ సెక్షన్ నడపడాన్నీ, నడపబోవడాన్నీ మాత్రమే పట్టుకుంటుంది. అమెరికాలోని చాలా రాష్ట్రాలలో అయితే తాళం చేతిలో పెట్టుకుని డ్రైవరు సీటులో కూర్చుంటేనే, కారు కదలకపోయినా, బండి అతని అదుపులో ఉన్నట్టే లెక్క. ఇక్కడ అంత కఠినం లేదు గాని, ఇంజన్ నడుస్తూ మీరు డ్రైవరు సీటులో ఉంటే నడపబోతున్నారని పోలీసులు అనుకోవడానికి ఆస్కారం మీరే ఇచ్చినట్టు. పైగా సెల్లార్ పార్కింగులో ఇంజన్ వేసుకుని నిద్రపోతే విషవాయువు లోపలికి చేరే ప్రమాదం ఉంది. తాళం కాపలా మనిషికి ఇచ్చి ఆటో ఎక్కండి, కారు ఎక్కడికీ పోదు.